పంతులమ్మగారి చలికాలం పాఠం

మా ముందు వాటాలో అద్దెకున్నవాళ్ళ పిల్ల మొన్న సాయంత్రం ఒక అట్టా, జిగురు సీసా, కత్తిరించిన బొమ్మలూ పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. "బామ్మగారూ, చలికాలంలో జంతువులు వెచ్చగా ఎలా ఉంటాయో రాసుకురమ్మన్నారు మా మిస్. మీరు టీచరు చేశారు కదా, చెప్పండి" అంది. అట్ట మీద అప్పటికే ఒక తెల్ల ఎలుగుబంటినీ, నాలుగు పెంగ్విన్ పక్షుల్నీ అంటించేసింది. బందరులో పుట్టి పెరిగిన పిల్ల అది. దానికి తెలిసిన చలల్లా తెల్లవారుజామున ఫాను కాస్త తగ్గించుకునేంత చలి.

చెప్పడం మొదలుపెట్టాను. బొచ్చు గురించి చెప్పాను, ఈకల గురించి చెప్పాను. కోడి పిల్లల్ని రెక్కల కింద పెట్టుకోవడం దగ్గరికి వచ్చేసరికి ఆపేశాను.

"ఏమైందండీ?"

"ఏం లేదమ్మా, గొంతు పట్టేసింది. కాసిని మంచినీళ్ళు తే" అన్నాను.

ముప్పై ఏళ్ళు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పాను. ఏటా ఈ పాఠం వచ్చేది. వచ్చినప్పుడల్లా పక్క క్లాసావిడని బతిమాలుకుని ఆవిడ చేత చెప్పించి, బదులుగా ఆవిడ లెక్కలు నేను చెప్పేదాన్ని. ఎందుకని ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మాది కోడూరుకి దిగువన ఒక పల్లె. సముద్రం కంటికి కనిపించదు గానీ తూర్పుగాలి తిరిగినప్పుడు హోరు వినిపించేది. మా నాన్నగారు బందరు కోర్టులో గుమాస్తా. పదిహేను రోజులకో, నెలకో ఒకసారి పడవెక్కి, బండెక్కి వచ్చేవారు. ఇంట్లో ఉండేది మామ్మా, అమ్మా, నేనూ, చెల్లీ. మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. నాకప్పుడు ఏడేళ్ళు. చెల్లికి నాలుగు నిండి ఐదు నడుస్తోంది.

మామ్మ పాతికేళ్ళయినా నిండకుండానే పసుపుకుంకుమలు పోగొట్టుకున్న మనిషి. నెలకోసారి మంగలి దొడ్లోకి వచ్చి తల గొరిగి వెళ్ళేవాడు. ఆ పూట మమ్మల్ని అటు రానిచ్చేవారు కారు. ముసుగు జారనిచ్చేది కాదు మామ్మ. రోజుకి మూడుసార్లు నూతి దగ్గర తలారా చన్నీళ్ళు పోసుకునేది, ఏ కాలమైనా సరే. వణికిపోతూ పైకి శ్లోకాలు చదువుకునేది. ఆవిడ చేతులకి ఎప్పుడూ వామూ, శొంఠీ కలిసిన వాసన. మా ఇద్దరికీ సున్నుండలు చుట్టి, మడి విడిచాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోట్లో పెట్టేది. మడిలో ఉన్నప్పుడు మాత్రం మేము ఆమడ దూరం.

ఊళ్ళో ఆడపిల్లలకి ఉన్నది మిషను వాళ్ళ బడి ఒక్కటే. కాలవగట్టున తాటాకుల పాక. ఊరి బయట పేట పిల్లలూ, మా వీధి పిల్లలూ అందరూ ఆ పాకలోనే. పంతులమ్మగారు పేటలో పుట్టి, బందరులో బోర్డింగులో ఉండి చదువుకుని, ట్రైనింగు అయి వచ్చిన కిరస్తానీ ఆవిడ. నన్ను అక్కడ చేర్పిస్తానని నాన్నగారు అన్నప్పుడు ఇంట్లో పెద్ద రగడే జరిగిందట. చివరికి మామ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది. బడి నుంచి రాగానే పిల్లలు వీధి గుమ్మంలో కాలు పెట్టకూడదు. సందులోంచి దొడ్లోకి పోయి, బడి బట్టలు అక్కడే విప్పేసి, నూతి దగ్గర తలమీంచి నీళ్ళు పోయించుకుని అప్పుడు లోపలికి రావాలి. "కాళ్ళు కడుక్కుంటే చాలదుటే అమ్మా?" అని నాన్నగారు ఒకసారి అన్నారు. "నీ కోర్టులో నీ ఇష్టం. నా ఇంట్లో నా ఇష్టం" అంది మామ్మ. అంతటితో అయిపోయింది.

వేసవిలో ఆ స్నానం మాకు సరదా. చేద పైకి వస్తుంటే కేరింతలు కొట్టేవాళ్ళం. మార్గశిరం వచ్చాక చెల్లి సందు మొదట్లోనే ఏడుపు లంకించుకునేది.

చెల్లికి బడీడు రాలేదు. నా వెనకాలే వచ్చి కూర్చునేది. పంతులమ్మగారు పొమ్మనలేదు. ఆవిడకి పాతికేళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్లచీర కట్టుకుని, చలికాలంలో పైన ముదురు నీలం రంగు ఊలు శాలువా కప్పుకునేవారు. బోర్డింగులో దొరసానమ్మ తన చేత్తో అల్లి ఇచ్చిందట. ఆ ఊరంతటికీ ఊలు బట్ట అదొక్కటే అనుకుంటాను, మామ్మ మడికి కట్టుకోవడానికి కాశీ నుంచి తెచ్చుకున్న ధావళి కాకుండా.

ఆ ఏడు చలికాలంలో పుస్తకంలో ఆ పాఠం వచ్చింది. బొమ్మలో తెల్లటి మంచు మీద ఒక ఎలుగుబంటి ఉంది. చలికాలమంతా గుహలో నిద్రపోతుంది అని రాసి ఉంది.

"అన్నాళ్ళు నిద్రపోతే దానికి ఆకలెయ్యదా అండీ?" అంది చెల్లి వెనక నుంచి.

"ముందే బాగా తినేసి పడుకుంటుందమ్మా. ఆ కొవ్వే దానికి అన్నం, ఆ కొవ్వే దానికి దుప్పటి."

మంచు అంటే మాకు తెలిసింది పొద్దున్నే పొలాల మీద పాల నురుగులా కమ్ముకునే పొగమంచే. దాని మీద ఎలుగుబంటి ఎలా నిలబడిందో మాలో ఒక్కరికీ అర్థం కాలేదు. పంతులమ్మగారు మా మొహాలు చూసి, పుస్తకం మూసేసి, "లేవండి, బయటికి పోదాం" అన్నారు.

ఆ ఉదయం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. కళ్ళంలో కుప్ప నూరుస్తున్నారు. కొత్తగడ్డి వాసన, ఎవరో తేగలు కాలుస్తున్న వాసన. కాలవలో బాతుని చూపించి, దాని ఈకలకి నూనె ఉంటుందనీ, నీళ్ళు లోపలికి దిగవనీ చెప్పారు. పాక చూరు మీద పిచ్చుకలు ఈకలన్నీ పొంగించుకుని ఉండల్లా కూర్చున్నాయి. ఈకల మధ్య గాలి నిలుస్తుందనీ, ఆ గాలే వాటికి దుప్పటి అనీ అన్నారు. కుక్క ముక్కుని తోక కింద దూర్చుకుని ఎందుకు పడుకుందో అడిగారు. పందిపిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఎందుకు నిద్రపోతాయో అడిగారు. "ఒంటరిగా ఉంటే చలి. ఒకరిని ఒకరు ఆనుకుంటే ఒకరి వేడి ఒకరికి" అన్నారు. పైన వరసగా ఎగిరిపోతున్న పక్షుల్ని చూపించి, "అవి ఎక్కడో మంచు దేశాల నుంచి వచ్చాయి. మన ఊరు వెచ్చగా ఉంటుందని వచ్చాయి" అన్నారు. మాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. పక్షులు వెతుక్కుంటూ రాదగ్గ ఊరు మాది.

తిరిగి వచ్చాక ఒక ఇటుకని గోనెపట్టాలో చుట్టి మూలన పెట్టారు. పాక చుట్టూ తిరిగే కుక్కపిల్లని ఇంకో గోనెపట్టాలో పెట్టారు. గంటాగి మా చేత ముట్టించారు. కుక్కపిల్ల వెచ్చగా ఉంది. ఇటుక చల్లగానే ఉంది.

"చూశారా? దుప్పటి వేడి పుట్టించదు. లోపలున్న వేడిని పోనివ్వదు, అంతే. వేడి ప్రాణంలోంచి రావాలి."

పెద్దపిల్లలందరూ తలూపారు. చెల్లి మాత్రం ఆ ఇటుక మీద జాలిపడి దాన్ని గౌనులో దాచుకుని ఇంటికి తెచ్చి, గడ్డిలో పడుకోబెట్టింది. మర్నాడు అంతకంటే పెద్ద పని చేసింది. మా ఆవు దూడ వణుకుతోందని, దండెం మీద ఆరుతున్న మామ్మ మడిచీరని కర్రతో లాగి దానికి కప్పేసింది. మామ్మ వచ్చి చూసేసరికి దూడ ఆ చీర కొంగు నములుతోంది.

"ఎవరే ఈ పని చేసింది!"

"దానికి చలేస్తోంది మామ్మా. దానికి బొచ్చు చాల్లేదు" అంది చెల్లి.

అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. మామ్మ తిట్టుకుంటూ ఆ చీర మళ్ళీ తడిపి, తను మళ్ళీ తలస్నానం చేసి వచ్చింది. పొద్దుటి నుంచి అది నాలుగోసారి. పెదాలు నీలంగా మారిపోయాయి ఆవిడకి.

బడిలో చలెక్కువగా ఉన్న పొద్దుల్లో పంతులమ్మగారు కింద కూర్చుని, శాలువా రెండు చేతులా విప్పి పట్టుకుని, "రండి పిల్లలూ" అనేవారు. చిన్నపిల్లలు నలుగురైదుగురు ఆ కింద దూరేవాళ్ళు. పేటవాళ్ళూ, వీధివాళ్ళూ అని లేదు. చెల్లి అందరికంటే ముందు దూరేది. అలా కూర్చుని ఉండగా ఒకరోజు అడిగింది, "పంతులమ్మగారూ, జుట్టు ఉంటే చలెయ్యదన్నారు కదా. మా మామ్మకి జుట్టు లేదు. మరి ఆవిడకి చలెయ్యదా?"

నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. శాలువా కింద చెయ్యి పెట్టి దాని తొడ మీద గిల్లాను. పంతులమ్మగారు "మీ మామ్మగారినే అడుగమ్మా" అంటూ దాని నెత్తి మీద చెయ్యి వేశారు. తరవాత అది ఆవిడ చెవిలో ఇంకేదో చెప్పింది. అది నాకు వినపడలేదు.

ఆ వారంలోనే ముసురు పట్టింది. మూడు రోజులు వదలని వాన. కోసిన పనలు పొలాల్లో తడిసిపోతున్నాయని ఊరంతా గోల. దానికి తోడు సముద్రం మీద నుంచి కోసేసే గాలి. ఒకరోజు ఆ వానలో బడి నుంచి మేము తడిసి వచ్చాం. మామ్మ నూతి దగ్గర చేదతో నిలబడి ఉంది. "ఇవాళ్టికి వద్దు అత్తయ్యా, ఒళ్ళు తుడిచేస్తాను" అంది అమ్మ. "ఎలాగూ తడిసే ఉన్నారు. రెండు చెంబులకి ఏమవుతుంది?" అంది మామ్మ.

ఆ రాత్రికే చెల్లికి దగ్గు పట్టుకుంది. రెండో రోజుకి ఒళ్ళు కాలిపోయింది. మూడో రోజుకి డొక్కలెగరెయ్యడం మొదలైంది. తులసి రసం పోశారు, వాము వేడి చేసి కాపడం పెట్టారు. అవనిగడ్డ డాక్టరు కోసం మనిషిని పంపితే, దారంతా బురద, బండి కదలదని వాడు తిరిగొచ్చాడు. నాన్నగారికి కబురు వెళ్ళింది.

నాలుగో రోజు ఉదయం పంతులమ్మగారు వచ్చారు. వీధి వాకిట్లోనే, గుమ్మానికి పది అడుగుల దూరంలో ఆగిపోయారు.

"అమ్మగారూ, పాపకి ఎలా ఉందండీ?"

మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏముందమ్మా. అలాగే ఉంది."

"కాళ్ళూ చేతులూ చల్లబడుతున్నాయా అండీ?"

"చల్లబడుతున్నాయి."

"అయితే మంచం మీద ఒక్కదాన్నే ఉంచకండమ్మగారూ. వాళ్ళమ్మగారు గుండెలకి ఆనించుకుని, ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టుకుని కూర్చోమనండి. పైన ఇది కప్పండి." శాలువా తీసి ముందుకి చాచారు.

మామ్మ చెయ్యి చాపలేదు. "అక్కడ పెట్టు" అంది.

పంతులమ్మగారు శాలువా మడిచి అరుగు చివర పెట్టి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డారు. తరవాత వెళ్ళిపోయారు.

అది ఎంతసేపు అరుగు మీద ఉందో నేను చెప్పలేను. చాలాసేపు ఉంది. అమ్మ లోపలి నుంచి వచ్చింది. అమ్మ అంతవరకు మామ్మకి ఎదురు తిరగగా నేను చూడలేదు. మామ్మ చూస్తూండగానే అరుగు దగ్గరికి వెళ్ళి శాలువా తీసుకుంది.

"ఊలుకి మైల లేదని మీరే అంటారు కదత్తయ్యా" అంది.

మామ్మ పక్కకి తప్పుకుంది.

అమ్మ రవిక తీసేసి, చెల్లిని గుండెల మీద వేసుకుని, పైన శాలువా చుట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. నేను వెళ్ళి ఆ శాలువా కిందకి దూరి చెల్లి వీపుకి ఆనుకున్నాను, పందిపిల్లల్లాగ. నా ఒంట్లో వేడి దానికి వెళ్తుందని నాకు గట్టి నమ్మకం. దాని ఊపిరి నా మొహానికి తగులుతోంది, పుల్లటి వాసన వేస్తోంది. కాసేపటికి మామ్మ వచ్చి నా రెక్క పట్టుకుని బయటికి లాగేసింది. "నీక్కూడా అంటుకుంటుందే. ఇద్దర్నీ పోగొట్టుకోమంటావా?" అంది. నేను ఏడ్చాను. నన్ను కొట్టంలో కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం, ఎండ బాగా కాసి గడ్డివాముల మీద ఆవిర్లు లేస్తున్న వేళ, చెల్లి పోయింది. అమ్మ దాన్ని వదల్లేదు. శాలువా కింద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది. "అమ్మా, వెచ్చగా ఉంది, బతుకుతుంది" అన్నాను. అమ్మ నా వంక చూసి, "ఆ వేడి నాదే" అంది.

నాన్నగారు సాయంత్రానికి వచ్చారు, మోకాళ్ళ దాకా బురదతో. చిన్నపిల్ల కనక పాతిపెట్టారు. శాలువా తియ్యబోతే అమ్మ ఒప్పుకోలేదు. అలాగే తీసుకువెళ్ళారు.

పది రోజులయ్యాక నాన్నగారు బందరు వెళుతూ, నన్ను మళ్ళీ బడికి పంపమని చెప్పి మరీ వెళ్ళారు. పంతులమ్మగారు ఆ చలికాలమంతా శాలువా లేకుండానే గడిపారు. పొద్దున్నే పలక మీద రాయిస్తూ మధ్యమధ్య చేతులు రుద్దుకునేవారు. శాలువా సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. చిన్నపిల్లలు అలవాటు చొప్పున వచ్చి ఆవిడ ఒళ్ళో పడేవాళ్ళు. నేను దూరంగా కూర్చునేదాన్ని.

ఇంట్లో మామ్మ మాట తగ్గించేసింది. బడి నుంచి రాగానే నాకు స్నానం మాత్రం మానలేదు. ఇప్పుడు కాగులో వేడినీళ్ళు కాచి పోసేది. పోస్తూ నా మొహం వంక చూసేది కాదు.

మాఘమాసంలో ఒకరోజు ఎక్కాలు వల్లెవేస్తున్నాం. పంతులమ్మగారు చటుక్కున లేచి నిలబడ్డారు. చూస్తే పాక బయట, తడిక అవతల మామ్మ. ఆవిడ కాలవగట్టు వైపు రావడం నేను చూడటం అదే మొదటిసారి. పంతులమ్మగారు బయటికి వెళ్ళి నాలుగు అడుగుల దూరంలో ఆగారు. నేను తడిక పక్కకి వెళ్ళి నిలబడ్డాను. నన్నెవరూ పొమ్మనలేదు.

"ఇక్కడ అది ఏం చేసేదమ్మా?" అంది మామ్మ.

పంతులమ్మగారికి అర్థం కాలేదు. "ఎవరండీ?"

"మా చిన్నది. రోజంతా నీ దగ్గరే ఉండేది కదా. ఏం మాట్లాడేది? నేను మడి మడి అని దగ్గరికి రానివ్వలేదు. నాకు దాని మాటలేవీ తెలీవు."

పంతులమ్మగారు చెప్పారు. ఎలుగుబంటికి ఆకలెయ్యదా అని అడిగిందనీ, ఇటుకకి పేరు పెట్టిందనీ చెప్పారు. ఆ పేరు మామ్మదేనట. అది నాకు అప్పుడే తెలిసింది. మామ్మ వింటూ వింటూ గట్టు మీద చతికిలబడింది, ఆ మట్టిలో. పంతులమ్మగారు కూడా ఎదురుగా కూర్చున్నారు.

"మీ గురించి ఒకటి అడిగిందమ్మగారూ. చెప్పొచ్చో లేదో."

"చెప్పు."

"మామ్మకి జుట్టు లేదు కదా, చలెయ్యదా అని అడిగింది."

మామ్మ చెయ్యి ముసుగు మీదకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"ఏం చెప్పావు?"

"చెప్పలేకపోయానండీ. మీ మామ్మగారినే అడుగమ్మా అన్నాను. అడిగితే మామ్మ ఏడుస్తుందేమోనని నా చెవిలో చెప్పింది."

పాకలో పిల్లలు తమంతట తామే ఎక్కాలు చదువుతున్నారు. తరవాత మామ్మ చాలా చిన్న గొంతుతో, "రోజూ నూతి నీళ్ళు పోశానే. ఆ వానరోజు కూడా పోశాను" అంది.

పంతులమ్మగారు కాలవ వంక చూస్తూ అన్నారు. "మా పేటలో ఆ వారం ముగ్గురు పిల్లలు పోయారమ్మగారూ. వాళ్ళకెవరూ నీళ్ళు పొయ్యలేదు."

మామ్మ చేతులు నేలకి ఆన్చి కష్టంగా లేచింది. సాయం చెయ్యబోయి పంతులమ్మగారు ఆగిపోయారు. మామ్మ అది చూసింది. చూసి, తనే చెయ్యి చాపింది.

ఆ సాయంత్రం నేను ఎప్పటిలాగే సందులోంచి దొడ్లోకి వెళ్ళి నిలబడ్డాను. కాగు కింద మంట లేదు. మామ్మ వంటింటి గుమ్మంలోంచి, "అక్కడేం చేస్తున్నావే? వీధి గుమ్మంలోంచి రా" అంది.

ఆ పేటలో ముగ్గురు పిల్లలు నిజంగా పోయారా అని తరవాత చాలాసార్లు అనుకున్నాను. మా బడిలో పేట పిల్లలున్నారు కదా, వాళ్ళనడిగితే తెలిసిపోయేది. అడగలేదు. పెద్దయ్యాక అడగడానికి మనుషులు మిగల్లేదు. చెల్లి పంతులమ్మగారి చెవిలో చెప్పిన మాట కూడా అంతే. అది నిజంగా ఆ మాటే చెప్పిందో, ఇంకేం చెప్పిందో.

మరుసటి ఏడు పంతులమ్మగారిని గుడివాడ వైపు ఏదో ఊరికి మార్చారు. ఆ తరవాత ఆవిడ గురించి ఏమీ తెలియలేదు. నేను టీచరు ట్రైనింగులో చేరినప్పుడు గుడివాడ నుంచి వచ్చిన అమ్మాయిల్ని అడిగాను. పేరు చెప్పాను, ఎలా ఉంటారో చెప్పాను. ఎవరికీ తెలియదన్నారు. మామ్మ ఇంకో ఆరేళ్ళు బతికింది. చన్నీళ్ళ స్నానం మానలేదు. అమ్మ చెల్లి పేరు ఎత్తడం నేనెప్పుడూ వినలేదు. ఒక గాలివానకి ఆ పాక, ఆ గట్టు, మా ఇంటి వెనక గోడా కొట్టుకుపోయాయి. మేము బందరు వచ్చేశాం.

చెల్లికి ఫొటో లేదు. దాన్ని చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. ముఖం గుర్తు చేసుకుందామంటే నా కూతురి ముఖమో, మనవరాళ్ళ ముఖమో అడ్డమొస్తుంది. మొన్న ఆ పిల్ల అట్ట పట్టుకుని వెళ్ళిపోయాక చాలాసేపు కళ్ళు మూసుకుని ప్రయత్నించాను. పై వరసలో ఒక పన్ను కొంచెం పక్కకి ఉండేది. అంతవరకే వచ్చింది.